క్రీక్‌ని వాగు అనొచ్చా?

బరంపురం నుంచి: మా అమ్మాయి ఓ ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులోకి రాస్తోంది. అందులో గుజరాత్ సరిహద్దు దగ్గరి సర్ క్రీక్ ఉంది, ఆస్ట్రేలియాలోని టెనెంట్ క్రీక్ అనే ఊరూ ఉంది. క్రీక్ వచ్చిన ప్రతిచోటా "వాగు" అని రాసింది. సరేనా అండీ?

గోపాలపూర్ నుంచి: రెండో చోట సరే అండీ, మొదటి చోట కుదరదు. బ్రిటన్‌లో క్రీక్ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన సన్నని పాయ. అమెరికా, ఆస్ట్రేలియాల్లో మాత్రం మామూలు ఏటికీ, వాగుకీ అదే మాట. టెనెంట్ క్రీక్ సముద్రానికి వందల కిలోమీటర్ల లోపల ఉంది. అక్కడి క్రీక్‌ని మన వైపు మాటలో హాయిగా గెడ్డ అనొచ్చు.

నేను చూసే గుర్తు ఒకటే: పోటు నీరు లోపలికి ఎక్కుతుందా లేదా. ఎక్కితే ఉప్పుటేరు. ముంబై పక్కన రాజహంసలు వాలే థానే క్రీక్ అలాంటిదే, అందుకే దాని గట్ల వెంట మడ చెట్లు. సర్ క్రీక్ కూడా అంతే. కచ్ రణ్ అంచున సుమారు 96 కిలోమీటర్ల పొడవు. సరిహద్దు తూర్పు గట్టు మీద ఉందని పాకిస్తాన్, నీటి నడుమ ఉందని మన దేశం. పడవలు నడిచే నీరైతేనే నడుమ గీత చెల్లుతుంది, ఇక్కడ నడవవని వాళ్ల వాదన. పోటు మీద నడుస్తాయని మన వాదన. ఇంత గొడవా పోటు చుట్టూ తిరుగుతుంటే "వాగు" అని రాస్తే చదివేవాళ్లకి అసలు సంగతే అందదు. పాపకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

ఇచ్ఛాపురం నుంచి: మరి మన బాహుదా సునాపూర్ దగ్గర కడలిలో కలిసే చోటు? అదీ క్రీకేనా?

గోపాలపూర్ నుంచి: కాదండీ, అది మొగ. ఒడియా వాళ్లు ముహాణ అంటారు. ఉప్పునీరు లోపలికి సాగిన పాయంతా ఉప్పుటేరు, అది సముద్రంలో తెరుచుకునే నోరు మొగ. మన తీరంలో అలలు ఇసుకని ఉత్తరానికి నెడుతూ ఉంటాయి కాబట్టి మొగ జరుగుతుంది, ఒక్కోసారి పూడుతుంది కూడా. ఋషికుల్య దగ్గర చూడండి, తాబేళ్లు గుడ్లు పెట్టే ఆ ఇసుక దిబ్బ ఏటికేడు ఆకారం మారుస్తుంది. "మొగ పూడింది" అని బెస్తవాళ్లు అన్నారంటే పడవ కడలికి పోదని అర్థం. అలాంటప్పుడు కూడా వెనక ఉప్పుటేరులో నీళ్లుంటాయి.

బరంపురం నుంచి: అయితే సర్ క్రీక్‌కి "సర్ ఉప్పుటేరు" అని రాయమంటారా?

గోపాలపూర్ నుంచి: పేరుని పేరుగానే ఉంచమనండి. మొదటిసారి వచ్చినచోట "సర్ క్రీక్ అనే ఉప్పుటేరు" అని రాస్తే చాలు.