నడక క్లిప్‌లో కెమెరా కదులుతోంది, లూప్ కలవట్లేదు: ప్రాంప్ట్ ఎలా రాయాలి?

ప్రశ్న:
టూడీ సైడ్ స్క్రోలర్ (పక్కనుంచి చూపించే) గేమ్. హీరో కర్రసాము చేసేవాడు, బొమ్మ గీసి సిద్ధంగా ఉంది. ఇమేజ్-టు-వీడియోలో (బొమ్మ, ప్రాంప్ట్ అనే రాత సూచన ఇస్తే వీడియో చేసే ఏఐలో) నడక తీస్తుంటే కెమెరా మెల్లగా దగ్గరికి జరుగుతోంది, మనిషి ఫ్రేమ్ దాటిపోతున్నాడు, చివరి ఫ్రేమ్ మొదటిదానితో కలవట్లేదు. "సినిమాటిక్ షాట్, ఎపిక్ వారియర్ వాకింగ్, నో కెమెరా మూవ్‌మెంట్" అని ఇస్తున్నా. ఏం మార్చాలి?

జవాబు 1:
ముందు "సినిమాటిక్", "ఎపిక్" తీసేయండి. కెమెరాని కదిలించేది ఆ మాటలే. "నో" అని రాసినా ఏఐ చాలాసార్లు పట్టించుకోదు, పక్కనున్న "మూవ్‌మెంట్"నే పట్టుకుంటుంది. వద్దన్నది కాదు, కావాల్సింది రాయండి: "స్టాటిక్ కెమెరా, సైడ్ వ్యూ, ఫుల్ బాడీ, వాకింగ్ ఇన్ ప్లేస్, స్టేస్ ఇన్ సెంటర్ ఆఫ్ ఫ్రేమ్, స్టెడీ పేస్, ప్లెయిన్ మెజెంటా బ్యాక్‌గ్రౌండ్". "ట్రెడ్‌మిల్" అని మాత్రం రాయకండి, కాళ్ల కింద నిజంగానే మెషీన్ గీసి పెడుతుంది.

పంచె రంగు, మీసం మళ్లీ వర్ణించొద్దు. రూపం బొమ్మలోనే ఉంది. మాటకీ బొమ్మకీ కాస్త తేడా వచ్చినా ముఖం మారిపోతుంది. ఒక క్లిప్‌కి ఒక్కటే పని: నడక వేరు, దెబ్బ వేరు.

జవాబు 2:
లూప్ ప్రాంప్ట్‌తో రాదండీ, కోతతో వస్తుంది. మొదటి, చివరి ఫ్రేములు రెండింటికీ ఒకే బొమ్మ ఇచ్చే పద్ధతి ఊరికే నిలబడే ఐడిల్‌కి బాగుంటుంది. నడకకి అలా ఇస్తే చివర్లో ఆగిపోతాడు.

5 సెకన్ల క్లిప్ అంటే సెకనుకి 24 చొప్పున 120 ఫ్రేములు. మొదటి సెకను వదిలేయండి, అందులో ఇంకా నిలబడిన భంగిమలోంచి నడక అందుకుంటుంటాడు. తర్వాత కుడి మడమ నేలకి తగిలిన ఫ్రేమ్ వెతకండి. మళ్లీ అదే మడమ తగిలే ఫ్రేమ్‌కి ముందువరకు ఒక చక్రం. అది 24 ఫ్రేములొస్తే మూడింటికొకటి చొప్పున 8 తీసుకోండి. రెండో తాకుడు ఫ్రేమ్ కూడా కలిపితే లూప్ అక్కడ తట్టుకున్నట్టు ఆగుతుంది.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ, కెమెరా ఆగింది. కర్ర మాత్రం కాలి వెనక్కి వెళ్లి వచ్చేసరికి వంగుతోంది.

జవాబు 1:
దాన్ని ప్రాంప్ట్‌తో గెలవలేరు. ఖాళీ పిడికిలితో బొమ్మ ఇచ్చి, కర్రని గేమ్ ఇంజిన్‌లో వేరే స్ప్రైట్‌గా (విడి బొమ్మగా) చేతికి తగిలించండి. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక అంచుల్లో గులాబీ ఛాయ మిగిలితే ఒక పిక్సెల్ లోపలికి కోయండి. 256×256 పిక్సెళ్ల ఫ్రేములు 2048×2048 స్ప్రైట్ షీట్‌లో (ఫ్రేములన్నీ పేర్చిన ఒకే బొమ్మలో) 64 పడతాయి, దెబ్బల క్లిప్‌లకీ చోటుంటుంది.