యూకేలో బీకామ్ లేకుండా క్వాలిఫైడ్ అకౌంటెంట్ అవ్వొచ్చా?

అందరికీ నమస్కారం. మా వారి ఉద్యోగం మీద డిపెండెంట్ వీసాతో ఈమధ్యే యూకే వచ్చాను. నేను చదివింది బీఎస్సీ బోటనీ. అకౌంట్స్ వైపు వెళ్లాలని ఉంది. ముందు ఇక్కడ ఎమ్మెస్సీ అకౌంటింగ్ చేయాల్సిందేనని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నిజమేనా?

*

అమ్మా, నిజం కాదు. ఎమ్మెస్సీకి ఇప్పుడే డబ్బు కట్టకండి. ఈ దేశంలో అకౌంటెంట్ అని ఎవరైనా చెప్పుకోవచ్చు, చట్టం అడ్డు రాదు. చార్టర్డ్ అని పెట్టుకోవాలంటే మాత్రం ఏసీసీఏ, సీఐఎంఏ, ఐసీఏఈడబ్ల్యూ లాంటి అకౌంటెంట్ల వృత్తి సంస్థలో సభ్యత్వం ఉండాలి, అది యూనివర్సిటీ ఇచ్చేది కాదు. ఎమ్మెస్సీ చేసొచ్చినా కొన్ని పేపర్లు తగ్గుతాయేమో గానీ మిగతావి రాయాల్సిందే, మూడేళ్ల పని అనుభవం చూపించాల్సిందే.

మీకు నేను చెప్పేది ఏసీసీఏ. ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు. మొత్తం 13 పేపర్లు: మొదటి మెట్టులో 3, తర్వాత 6, చివర్లో 4, ఆ నాలుగింట్లో రెండు మీరు ఎంచుకునేవి. ప్రతి పేపర్‌కీ 50 మార్కులు వస్తే పాస్. మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్‌లలో పరీక్షలుంటాయి, మొదటి మూడు మాత్రం మీకు వీలైనప్పుడు స్లాట్ బుక్ చేసుకుని రాయొచ్చు. బోటనీ డిగ్రీకి కొన్ని పేపర్లు రాయక్కర్లేకుండా మినహాయింపులు వస్తాయని ఆశపెట్టుకోకండి, దానివల్ల నష్టమేమీ లేదు కూడా, ఎందుకంటే ఆ మొదటి మూడు పేపర్లలోనే పునాది పడుతుంది.

వాటిలో ముందు ఫైనాన్షియల్ అకౌంటింగ్ పట్టుకోండి. కంపెనీ జనవరి 1న ఏడాది ఇన్సూరెన్స్‌కి 1,200 పౌండ్లు కట్టిందనుకుందాం. మార్చి నెలాఖరుకి ఖర్చు కింద చూపించేది 300 మాత్రమే, మిగతా 900 ఇంకా వాడుకోనిది కాబట్టి ప్రీపేమెంట్‌గా ఆస్తుల్లో ఉంటుంది. డబ్బు పోయింది కదా, ఖర్చు ఎందుకు కాలేదు అన్న ప్రశ్నకు జవాబు మీకు మీరే చెప్పుకోగలిగితే బీకామ్ వాళ్లకి, మీకు మధ్య దూరం చాలావరకు తగ్గినట్టే. డెబిట్, క్రెడిట్ పేరు వింటేనే టెన్షన్ వచ్చేవాళ్లు ఏఏటీ లెవెల్ 3తో మొదలుపెట్టొచ్చు, అది చిన్న సంస్థల్లో బాగా గుర్తింపున్న కోర్సు. డిగ్రీ చదివిన మీరు లెవెల్ 2 మీద డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

సీఐఎంఏ కంపెనీల లోపల బడ్జెట్లు, ఖర్చుల విశ్లేషణ చూసేవాళ్లకి. ఐసీఏఈడబ్ల్యూ దారిలో వెళ్లాలంటే వాళ్లు గుర్తించిన సంస్థలో ట్రైనీ ఉద్యోగం దొరకాలి. పెద్ద ఆడిట్ సంస్థలు ఏ సబ్జెక్టు డిగ్రీ అయినా తీసుకుంటాయి, కాబట్టి అవి కూడా వదలకుండా అప్లై చేయండి.

ఏసీసీఏలో అందరూ తేలిగ్గా తీసుకునేది 36 నెలల పని అనుభవం. పరీక్షలన్నీ పాసై, అది లేక మెంబర్ కాలేక ఆగిపోయినవాళ్లున్నారు. పరీక్షలకి ముందు చేసిన పని అయినా, మధ్యలో చేసినదైనా లెక్కలోకి వస్తుంది గానీ, క్వాలిఫైడ్ అకౌంటెంట్ అయిన సూపర్‌వైజర్ దానిమీద సైన్ ఆఫ్ చేయాలి. అందుకే ఒకట్రెండు పేపర్లు కాగానే ఉద్యోగం వెతకండి, అన్నీ అయ్యాక చూద్దాం అనుకోకండి. డిపెండెంట్ వీసా మీద మీరు ఉద్యోగం చేసుకోవచ్చు, అది మీకు పెద్ద వెసులుబాటు.

*

అన్నయ్య చెప్పినదానికి ఉద్యోగం సంగతి కలుపుతాను, అక్కా. అకౌంటెంట్ అని వెతకొద్దు. పర్చేజ్ లెడ్జర్ క్లర్క్, అకౌంట్స్ పేయబుల్ (రెండూ సప్లయర్ల బిల్లులు, చెల్లింపులు చూసే పనే), అకౌంట్స్ అసిస్టెంట్ అని వెతకండి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్, ఎక్స్‌లుక్అప్ చేతికి రావాలి, సేజ్ (Sage), జీరో (Xero) అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకటి ముట్టుకుని ఉండాలి.

ఇంటర్వ్యూలో ఇలాంటిది అడుగుతారు: సప్లయర్ స్టేట్‌మెంట్‌లో 4,200 పౌండ్లు బాకీ ఉంది, మన లెడ్జర్‌లో 3,600 ఉంది, ఏం చేస్తారు? రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కో ఇన్వాయిస్ టిక్ పెట్టుకుంటూ వెళ్లాలి. మనం ఎక్కించని ఇన్వాయిస్ ఉండొచ్చు, మనం పంపిన డబ్బు వాళ్లకింకా చేరకపోయి ఉండొచ్చు, లేదా మన దగ్గర ఎక్కిన క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ సప్లయర్ ఇచ్చేది) వాళ్ల దగ్గర ఎక్కకపోయి ఉండొచ్చు. ఈ మూడూ చెప్పగలిగితే మీ డిగ్రీ ఏంటని పెద్దగా పట్టించుకోరు.

కంపెనీ మీ ఫీజు కడతానంటే సంతోషమే, కానీ మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో సంతకానికి ముందే చదవండి. అప్రెంటిస్‌షిప్ గురించి ఎవరైనా చెబితే, ప్రభుత్వ నిధులకి సాధారణంగా మూడేళ్ల నివాసం అడుగుతారు, మీకు ఇప్పుడే కుదరదు. తెలిసినవాళ్ల షాపు లెక్కలు డబ్బు తీసుకుని రాసిపెట్టే ఆలోచన ఉంటే, దానికి ముందే మనీ లాండరింగ్ నిబంధనల కింద హెచ్ఎంఆర్‌సీ (ఇక్కడి పన్నుల శాఖ) దగ్గర గానీ, మీ ప్రొఫెషనల్ సంస్థ దగ్గర గానీ నమోదు కావాలి.

*

ఇద్దరికీ చాలా థాంక్స్. ఉద్యోగం చేస్తూ రాస్తే ఎన్నాళ్లు పట్టొచ్చు?

*

మూడు నాలుగేళ్లు వేసుకోండమ్మా. ఒక్కో సిట్టింగ్‌కి ఒక్క పేపరే పెట్టుకోండి, చివరి నాలుగింటికి ఇంకాస్త టైమ్ ఇవ్వండి. వాటిలో మొదటిది పాసయ్యాక మిగతావి పూర్తిచేయడానికి ఏడేళ్ల గడువు కూడా ఉంటుంది.