రేడియేషన్ తరువాత దెబ్బతిన్న దవడ ఎముకకు హైపర్‌బారిక్ ఆక్సిజన్: చేయించుకున్నవారు చెప్పగలరా?

కలువరేకు:
మా నాన్నగారికి నాలుక క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయి కొన్నేళ్లయింది. కింది దవడలో పన్ను తీయించిన చోట పుండు మానక, చిగురు చీలి ఎముక బయటకు కనబడుతోంది. మూడు నెలలు దాటినా మార్పు లేకపోవడంతో బయాప్సీ చేశారు. క్యాన్సర్ తిరగబెట్టలేదని, ఇది ఆస్టియోరేడియోనెక్రోసిస్ (రేడియేషన్ వల్ల ఎముక చచ్చిపోవడం) అని తేలింది. ఆపరేషన్‌కు ముందు 30 విడతలు, తరువాత 10 విడతలు ఛాంబర్‌లో ఆక్సిజన్ ఇప్పించాలని ఒక డాక్టరు గారు అంటున్నారు. మరొకరు దానివల్ల ఒరిగేదేమీ లేదంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఏటిగట్టు:
నేను పూర్తి కోర్సు చేయించుకున్నాను. గాలి చొరని గదిలో పీడనాన్ని మామూలు వాతావరణ పీడనానికి సుమారు 2.4 రెట్లు చేసి, మాస్కు ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 90 నిమిషాలు పీల్పిస్తారు. అధిక పీడనంలో ఆక్సిజన్ ఏకధాటిగా అందితే అరుదుగా మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నందున మధ్యమధ్య కాసేపు మామూలు గాలి ఇస్తారు. నన్ను బాగా ఇబ్బంది పెట్టినవి చెవులు. విమానం దిగేటప్పుడు చెవులు మూసుకుపోయినట్టే ఉంటుంది. గుటక వేస్తే చాలామందికి సర్దుకుంటుంది కానీ, మెడకు, గొంతుకు రేడియేషన్ పడినవారిలో చెవికీ గొంతుకూ మధ్యనుండే నాళం సరిగా తెరుచుకోకపోవచ్చు. నాకు చివరకు కర్ణభేరిలో చిన్న గొట్టం పెట్టవలసి వచ్చింది.

కోర్సు సాగేకొద్దీ దూరపు చూపు కొంత మసకబారింది. అది సాధారణంగా తాత్కాలికమే కాబట్టి తొందరపడి కొత్త కళ్లజోడు చేయించవద్దని అక్కడివారే చెప్పారు. నిప్పు ప్రమాదం వల్ల నూలు దుస్తులతోనే లోపలికి పంపుతారు. తలనూనె, క్రీములు, ఫోను, వినికిడి యంత్రం ఏవీ ఉండకూడదు.

ఇక ఫలితం. నొప్పి తగ్గింది, చిగురు రంగు మెరుగుపడింది, కానీ చచ్చిన ఎముక ముక్కను తీసేదాకా పుండు మూసుకోలేదు. ఆక్సిజన్ లేకుండా ఆపరేషన్ ఒక్కటే చేసినా మానేదేమో! ఆ సంగతి నా ఒక్కడి అనుభవంతో తేలదు.

దంతవైద్యుడు:
ఏటిగట్టు గారి చివరి మాటలోనే అసలు చిక్కు ఉంది. రేడియేషన్ వల్ల ఎముకలో రక్తనాళాలు, కణాలు, ఆక్సిజన్ మూడూ తగ్గిపోతాయని 1983లో అమెరికా దవడ సర్జన్ మార్క్స్ ప్రతిపాదించారు. మీకు చెప్పిన 30, 10 విడతల లెక్క ఆ ఆలోచన నుంచి వచ్చినదే. 2004లో ఫ్రాన్స్‌లో వెలువడిన అధ్యయనంలో మాత్రం ఏడాది తరువాత ఆక్సిజన్ పొందినవారిలో 19 శాతం, పొందనివారిలో 32 శాతం కోలుకోవడంతో దానిని మధ్యలోనే ఆపివేశారు. అయితే దవడ కింది అంచుదాకా ఎముక పాడైనవారిని, దవడ విరిగినవారిని అందులో చేర్చుకోలేదు కనుక, పెద్ద ఆపరేషన్‌కు తోడుగా ఇచ్చే ఆక్సిజన్ గురించి అది తీర్పు చెప్పలేదు. పన్ను తీసే ముందు నివారణగా ఇవ్వడాన్ని బ్రిటన్‌లోని హోపాన్ అధ్యయనం పరీక్షించింది. 2019లో వచ్చిన దాని ఫలితాల్లో, ఆరు నెలలకు ఎముక దెబ్బతిన్నవారు ఆక్సిజన్ వర్గంలో 6.4 శాతం, రెండో వర్గంలో 5.7 శాతం, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాబట్టి మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరినీ తప్పుపట్టలేము. చచ్చిన ఎముకను ఆక్సిజన్ బతికించదు. చుట్టూ ఉన్న కణజాలంలో కొత్త రక్తనాళాలు మొలిచేందుకు తోడ్పడుతుందన్నదే ఆశ. స్కానులో నష్టం కింది అంచుదాకా పాకిందో లేదో ముందు అడగండి. పాకి ఉంటే ఆ భాగాన్ని తొలగించి, తరచుగా కాలి పిక్క ఎముకను రక్తనాళంతో సహా తెచ్చి అమరుస్తారు. రక్తప్రసరణ అక్కడికి ఆ ఎముకతోనే వస్తుంది కాబట్టి ఛాంబర్ అవసరమా అని సర్జన్‌ను సూటిగా అడగవచ్చు.

నీలిమబ్బు:
మా అమ్మగారికి నష్టం పైపైనే ఉండటంతో రక్తప్రసరణను మెరుగుపరిచే పెంటాక్సిఫిల్లిన్ అనే మందు, విటమిన్ ఇ కలిపి నెలల తరబడి ఇచ్చారు. వికారం వేధించినా ఎముక మీద చిగురు మెల్లగా కప్పుకుంది. ఆవిడ రక్తం పలచబడే మాత్రలు వాడుతుండటం వల్ల రక్తస్రావం భయంతో తరచుగా పరీక్షలు చేయించవలసి వచ్చింది. ఈ మందులను సొంతంగా కొని వాడవద్దు.

కలువరేకు:
అందరికీ కృతజ్ఞతలు. స్కాను నివేదికలో కింది అంచు బాగానే ఉందని రాశారు. నాన్నగారికి పాత ఆయాసం ఉంది, పొగ తాగే అలవాటు పూర్తిగా పోలేదు. ఛాంబర్‌కు ఒప్పుకునే ముందు ఇంకేమి చూసుకోవాలి?

దంతవైద్యుడు:
ఆయాసం ఉంది కాబట్టి ముందు ఛాతీ పరీక్ష తప్పనిసరి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే, దానికి చికిత్స అయ్యేదాకా ఛాంబర్‌లోకి పంపకూడదు. లోపల గాలి చిక్కుకుపోయే రకం ఆయాసమైనా ప్రమాదమే. గతంలో బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు ఇచ్చి ఉంటే అదీ చెప్పండి. పొగ మానకుండా ఛాంబర్‌కు వెళ్లడం డబ్బు దండగ అని నా అభిప్రాయం, ఎందుకంటే పొగ రక్తనాళాలను కుంచింపజేస్తూనే ఉంటుంది. మిగిలిన పళ్లకు రోజూ ఫ్లోరైడ్ పట్టించి, ఇంకొకటి పీకవలసిన స్థితి రాకుండా చూడండి.