నరం నొప్పితో కుక్క వంగిపోతే ముందు కాపడమా, దవాఖానా?

పానగల్లు వాసి:
మాది నల్లగొండ. ఇంట్లో ఆరేళ్ల డాష్‌హండ్ ఉంది, పొట్టికాళ్ల జాతి కుక్క, పేరు చిన్ను. నిన్న పొద్దున దివాన్ మీద నుంచి దూకింది, అంతే, కుయ్‌మని ఒక్క అరుపు అరిచి నడుము విల్లులా వంచి నిలబడిపోయింది. వీపు మీద చెయ్యి వేస్తే వణుకుతోంది. ఆకలి ఉంది కానీ గిన్నె దాకా తల వంచలేకపోతోంది, అరచేతిలో పెట్టి తినిపిస్తున్నాం. మా అత్తమ్మ వావిలాకు కాగబెట్టి కాపడం పెట్టి, ఆముదంతో బాగా మర్దన చేద్దామంటోంది. పక్కింటోళ్లేమో మనకు వేసే నొప్పి గోలీ సగం వెయ్యమంటున్నారు. నాకు ఇంగ్లిష్ మందులంటే భయం, కిందటేడు ఇంకో కుక్కకు ఏదో సూది వేయించినాక మూడు రోజులు వాంతులే. ఒట్టి గోలీలు కాకుండా తిండి, కాపడం, ఆక్యుపంక్చర్ (సన్న సూదులు గుచ్చే వైద్యం) లాంటివన్నీ కలిపి చూసే వైద్యంతో తగ్గించుకోవచ్చా? రాత్రంతా నిద్ర లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

మిర్యాలగూడ రైతు:
చెల్లే, భయపడకు. మా నాయన ఎడ్లకు కాళ్లు పట్టేస్తే వావిలాకు కాపడమే పెట్టేవాడు. మొన్న వానకాలంలో మా బావి కాడి కుక్కకు నడుం పట్టింది, ఆముదం రాసి కాపడం పెడితే వారంలో లేచి తిరిగింది. మీ అత్తమ్మ మాట విను.

దేవరకొండ నుంచి:
అన్నా, మీ కుక్క లేచిందంటే సంతోషమే. కానీ అది కండరం పట్టేసి ఉండొచ్చు, కండరానికి వేడి హాయిగానే ఉంటుంది. ఈ చెల్లె చెప్పింది చూస్తే నాకు వెన్నులో డిస్క్ లాగే అనిపిస్తోంది, ఎందుకంటే ఇదంతా నేను కళ్లారా చూశాను. మాదీ పొట్టికాళ్ల జాతే. ఇలాగే అరిచింది, ఇలాగే వంగింది. మేము నాలుగు రోజులు ఆముదంతో వీపు రుద్దాం, ప్రేమతోనే రుద్దాం, నొక్కినప్పుడల్లా మూలిగితే నరం సాగుతోంది, మంచిదే అనుకున్నాం. ఐదో రోజు పొద్దున నేను వంటింట్లో ఉంటే హాల్లోంచి షాబాదు బండల మీద గీసుకుంటూ గర్ గర్ మని చప్పుడు. తిరిగి చూస్తే ముందు కాళ్లతో ఒళ్లంతా లాక్కుంటూ నా దగ్గరికే వస్తోంది, వెనక పాదాలు తిరగబడి గోళ్లు బండకు రాసుకుంటున్నాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత డాక్టరు గారు విడమరిచి చెప్పారు. వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్క్ ఉంటుంది, ఈ పొట్టికాళ్ల జాతుల్లో అది చిన్న వయసులోనే గట్టిపడిపోతుంది. ఏ దూకుడుకో చిట్లి లోపలి గుజ్జు పైకి తన్ని వెన్నుపామును నొక్కుతుంది, అదే ఆ అరుపు. చిట్లిన చోట రుద్దినా, అటూఇటూ తిప్పినా ఇంకాస్త గుజ్జు బయటికి రావచ్చు. అందుకే చెబుతున్నా చెల్లే, మర్దన మాత్రం వద్దు. నువ్వు అడిగావే సహజ వైద్యమని, ఈ జబ్బులో అన్నిటికంటే పెద్ద సహజ వైద్యం దాన్ని కదలనివ్వకపోవడం. నాలుగు నుంచి ఆరు వారాలు, లేచి తిరగడానికి చోటుండి దూకడానికి చోటు లేనంత పెట్టెలోనో పంజరంలోనో ఉంచాలి. ఒంటికి, రెంటికి మాత్రం పట్టీ కట్టి, పొట్ట కింద తువ్వాలు ఆసరాగా వేసి బయటికి తీసుకుపోవాలి. అసలు కష్టమంతా నొప్పి తగ్గాక, అప్పుడు ఉరకాలని చూస్తుంది, మనకూ జాలేసి వదిలేస్తాం.

ఇప్పుడే ఒక పని చెయ్యి. ఎవరైనా దాన్ని కదలకుండా నిలబెట్టి పట్టుకుంటే, వెనక పాదాన్ని మెల్లగా తిప్పి పైభాగం నేలకు ఆనించు. మామూలు కుక్క వెంటనే పాదం సరిచేసుకుంటుంది. సరిచేసుకోకపోయినా, నడకలో కాళ్లు తడబడినా, ఒంటికి పోయలేకపోతున్నా ఈ రోజే పోవాలి. కాళ్లు పూర్తిగా పడిపోతే డాక్టరు కుక్క కాలి వేలిని పటకారుతో గట్టిగా నొక్కి చూస్తారు. అక్కడ మేము మోసపోయాం, కాలు వెనక్కి లాక్కుంది కదా, స్పర్శ ఉందనుకున్నాం. కాలు లాగడం దానికి తెలియకుండానే జరుగుతుందట, తల తిప్పి చూడాలి లేదా అరవాలి, అప్పుడే నొప్పి మెదడుకు చేరినట్టు. ఆ లోపలి స్పర్శ ఉంటే ఆపరేషన్ తర్వాత పదింట తొమ్మిది దాకా మళ్లీ నడుస్తాయి, అది పోతే సగానికి సగమే. మాది ఇప్పుడు చక్రాల బండి మీద తిరుగుతోంది.

పాలమూరు తమ్ముడు:
అక్కా, చదువుతుంటే బాధేసింది. కానీ హైదరాబాదు పోయి ఎమ్మారై తీయించి ఆపరేషన్ చేయించే స్థోమత అందరికీ ఉంటుందా? నారాయణపేట దిక్కు పల్లెల్లో ఎవరు చేయిస్తారు? అలాంటోళ్లకు ఆకు పసరు తప్ప ఏముంది? ఆక్యుపంక్చర్‌తో కూడా లేచి నడుస్తాయని విన్న.

దేవరకొండ నుంచి:
తమ్ముడూ, న్యాయమైన మాటే. కానీ పాదం తిప్పి చూడటానికి, వేలు నొక్కి చూడటానికి యంత్రం అక్కర్లేదు, జిల్లా పశువుల దవాఖానలో చూపించవచ్చు. నడవగలిగే కుక్కకు చాలాసార్లు ఆపరేషన్ లేకుండానే పంజరం విశ్రాంతి, నొప్పి మందులతో తగ్గుతుంది. పంజరానికి పాత మంచం పట్టెలు, జాలీ చాలు.

ఆక్యుపంక్చర్ ఉత్తదని నేను అనను. 2010లో బ్రెజిల్‌లో 40 కుక్కల మీద వచ్చిన పరిశోధనలో కరెంటు సూదులతో మంచి ఫలితమే వచ్చింది. కానీ చిన్న సంఖ్య, పైగా వాటితో పోల్చిన ఆపరేషన్ కుక్కల వివరాలు పాత రికార్డుల నుంచి తీసుకున్నవి. డాక్టరు చూసి, ఏ పూస దగ్గరో తేలాక, మందులతో పాటు చేయిస్తే నాకేం అభ్యంతరం లేదు. మా దానికి నీళ్లలో నడిపించే వ్యాయామం బాగా పనికొచ్చింది, బరువు తగ్గించాం, బండల మీద జారకుండా గోనె పట్టాలు పరిచాం. నేను వద్దనేది సూదులను కాదు, అవి చేయిస్తూ దవాఖానకు పోకుండా పోగొట్టుకునే రోజులను.

మనుషుల గోలీ మాత్రం అస్సలు వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. ఇంట్లో అలాంటిది వేసి ఉంటే డాక్టరుకు దాచొద్దు, దాని మీద స్టెరాయిడ్ పడితే ఇంకా ప్రమాదం. కర్పూరం ఉన్న బామ్ రాస్తే నాకుతుంది, అదీ విషమే.

హాలియా నుంచి:
ఒక్క మాట. టీకా వేయించని కుక్కకు, ముఖ్యంగా ఊరకుక్కతో కొట్లాడిన దానికి, వెనక కాళ్లు పడిపోతే రేబిస్ కూడా కావచ్చు. నోట్లో చెయ్యి పెట్టి పసరు పొయ్యకండి. రైతు అన్నా, బావి కాడి కుక్కకు టీకా ఉందా?

మిర్యాలగూడ రైతు:
లేదమ్మా. ఈ వారం వేయిస్తా. మర్దన సంగతి కూడా నాకు తెలియదు, డిస్క్ అనే మాట ఇయ్యాలే వింటున్న. కండరం నొప్పికి కాపడం మంచిదే అనే మాట మాత్రం వదులుకోను.

పానగల్లు వాసి:
పొద్దున పాదం తిప్పి చూశాం. కుడిది వెంటనే సరిచేసుకుంది. ఎడమది రెండు మూడు క్షణాలు అట్లనే ఉంచి, తర్వాత తిప్పుకుంది. అది చూశాక అత్తమ్మే ఆటో పిలవమంది. డాక్టరు డిస్కే కావచ్చన్నారు, స్పర్శ బాగానే ఉందట. కిందటేటి వాంతుల సంగతి చెబితే మందు మార్చి రాశారు, ఏ మందు దేనికో కాగితం మీద విడిగా రాసిచ్చారు. ఆరు వారాలు పెట్టెలోనే ఉంచాలి, ఎడమ కాలు ఇంకా తడబడితే ఆగకుండా హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. దివాన్ కాళ్లు విప్పి పరుపు నేల మీద వేశాం. అత్తమ్మ పెట్టె పక్కనే చాప వేసుకుని పడుకుంది, వావిలాకు మూట తన మోకాళ్లకు పెట్టుకుంది.