ఆదిమ క్రైస్తవ సంఘపు సమష్టి జీవనాన్ని సామ్యవాదం అనవచ్చునా?

ప్రశ్న:
యెరూషలేములోని తొలి విశ్వాసులు చరస్థిరాస్తులమ్మి "అందరికిని వారి వారి అక్కరకొలది" పంచిపెట్టారని బైబిలులోని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చెబుతుంది. శక్తి కొద్దీ పని, అవసరం కొద్దీ భాగం అన్న సూత్రాన్ని మార్క్సు 1875లో, జర్మన్ సామ్యవాదుల గోథా కార్యక్రమంపై చేసిన విమర్శలో రాశాడు. అక్కర, అవసరం ఒకటే అయినప్పుడు రెండు బోధలకూ తేడా ఎక్కడ?

మొదటి జవాబు:
తేడా అదే గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. అననీయ పొలం అమ్మి, సొమ్ములో కొంత దాచుకుని, మొత్తం తెచ్చినట్టు నటించాడు. అమ్మకముందు పొలం నీదే గదా, అమ్మిన తరువాత సొమ్మూ నీ వశంలోనే ఉంది గదా అని పేతురు అడిగాడు. అంటే అతడు అక్కడే పడి చనిపోయిన శిక్ష అబద్ధానికే గాని ఆస్తి ఉంచుకున్నందుకు కాదు. అందుకే పోప్ పదమూడవ లియో 1891 నాటి 'రేరుం నోవారుం' లేఖలో సొంత ఆస్తిని సహజ హక్కుగా సమర్థించి, సామ్యవాదాన్ని తిరస్కరించారు. నిజమైన సామ్యవాది మంచి క్యాథలిక్కు కాలేడని 1931లో పోప్ పదకొండవ పయస్ ఇంకా గట్టిగా చెప్పారు.

రెండవ జవాబు:
అననీయ విషయంలో మీరన్నది సరైనదే. కానీ మీరు చెప్పిన లియో లేఖే బైబిలులోని యాకోబు పత్రిక (లేఖ) లోని మాటను ఎత్తి చూపుతుంది: చేలు కోసినవారికి ఇవ్వకుండా మోసంగా బిగపట్టిన కూలి మొరపెడుతుందట. అక్కడ మొరపెట్టేది కూలివాడు కాదు, కూలి. ఎగవేసిన సొమ్ము దానం కాదని, బాకీ అని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. ఆస్తిని సమర్థించిన ఆ లేఖే, నిరాడంబరంగా బతికే పనివాడి పోషణకు చాలని కూలిని, అతడు ఒప్పుకున్నా సరే, అన్యాయమే అంది.

సామ్యవాదులు బైబిలు నుంచి తీసుకున్నదీ గమనించదగినదే. 1936 నాటి సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణ, పని చేయనివాడికి తిండి లేదంటుంది. థెస్సలొనీకయులకు పౌలు రాసినది "పని చేయనొల్లని" వాడి గురించి. ఒల్లనివాడు వేరు, చేయలేనివాడు వేరు; ఆ ఒక్క క్రియ పోతే రోగీ వృద్ధుడూ ఆ వాక్యం కిందికి వచ్చేస్తారు. పైగా అదే అధికరణ "అవసరం కొద్దీ" అనకుండా "చేసిన పని కొద్దీ" అంది. ఆ విషయంలో యెరూషలేము సంఘమే మాస్కో కంటే మార్క్సుకు దగ్గర.

ఇక బైబిలులోని లేవీయకాండము 25వ అధ్యాయంలోని సునాద సంవత్సరం. అమ్ముడుపోయిన భూమి యాభయ్యవ ఏట తిరిగి రావడం అక్కడ ధర్మశాస్త్రం, ఇష్టముంటే చేసే పుణ్యకార్యం కాదు.

మొదట జవాబిచ్చినవారు:
కూలి విషయం ఒప్పుకుంటాను. సునాదం విషయం ఒప్పుకోను. ఆ భూమి తిరిగి వెళ్ళేది సమష్టికి కాదు, అమ్ముకున్న కుటుంబానికి. అదే అధ్యాయం ప్రకారం ప్రాకారమున్న పట్టణంలో అమ్మిన ఇంటిని ఏడాదిలోగా విడిపించుకోకపోతే, సునాదంలో కూడా అది కొన్నవాడిదే.