తలకు దెబ్బ తగిలాక మా బాబు మారిపోయాడు, ఇలాంటిది చూసినవాళ్లు ఉన్నారా?

మాది పర్లాకిమిడి. మా బాబుకి 9 ఏళ్లు. ఆరు నెలల క్రితం బండి మీద నుంచి పడ్డాడు. స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో స్కోరు 15కి 9, దెబ్బ మధ్యస్థం అన్నారు. విశాఖలో ఆపరేషన్ లేకుండానే బయటపడ్డాడు. ఇప్పుడు నడుస్తున్నాడు, తింటున్నాడు. అందరూ గండం గడిచిందంటున్నారు. ఇంట్లో సంగతి మాకే తెలుసు.

చిన్నదానికే కోపం, చేతిలో ఏముంటే అది విసిరేస్తాడు. మధ్యాహ్నానికే నీరసపడిపోతాడు. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు. నుదుటి వైపు మెదడు దెబ్బతింటే కోపం ఆపుకోవడం కష్టమని డాక్టరు చెప్పారు. బడిలో మాత్రం పొగరంటున్నారు.

వాడి చదువు ఒడియాలో, ఇంట్లో తెలుగు. జ్ఞాపకశక్తి పరీక్ష ఏ భాషలో చేయించాలి? విశాఖలో గానీ బరంపురంలో గానీ పిల్లలకు తెలుగులో చేసేవాళ్లున్నారా? బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్‌హాన్స్‌కి వెళ్లొచ్చినవాళ్లుంటే ఎన్ని రోజులు పట్టిందో చెప్పండి. కొన్నాళ్లు ఒక పూటే పంపుతామని బడిలో ఎవరైనా అడిగారా, ఒప్పుకున్నారా?

ఇంకొకటి. చెల్లికి ఆరేళ్లు, అన్న పక్కన పడుకోనంటోంది. మా అత్తగారు రోజూ దిష్టి తీస్తున్నారు, తీయనివ్వండి, దాంతో నాకు గొడవ లేదు. కానీ ఆ పిల్లకి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మీ ఇంట్లో రెండో బిడ్డకి ఎలా చెప్పారు?