పాత డబ్బాల్లో తుపాకీ మందు: ఉంచాలా, పారబోయాలా, అప్పగించాలా?

పెన్సిల్వేనియా_బాబు:
డెలావేర్ సరిహద్దు దగ్గర పాత ఇల్లు కొన్నాం. గరాజ్ అటక మీద మూడు రేకు డబ్బాలు కనబడ్డాయి. రెండు డ్యూపాంట్ కంపెనీవి, ఒకటి హజార్డ్ పౌడర్ కంపెనీది. మూతలు తుప్పు పట్టాయి, లోపల మందు ఉంది. మా ఆవిడ పోలీసులకు ఫోన్ చేయమంటోంది. ఫ్రెండేమో మందుతో సహా అమ్మితే మంచి రేటు వస్తుందంటున్నాడు.

పాతసామాన్ల_పిచ్చి:
పోలీసుల జోలికి పోకండి అన్నా. డబ్బాలు కూడా పట్టుకుపోతారు. హజార్డ్ అంటే కనెక్టికట్ రాష్ట్రంలో ఎన్‌ఫీల్డ్ అనే ఊరి కంపెనీ, ఆ లేబుల్ కోసం వెతికేవాళ్లున్నారు. పాతకాలం తుపాకుల కోసమైతే కంపెనీ తయారీ బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) 50 పౌండ్ల దాకా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు. మీ దగ్గరున్నది ఏపాటి?

కెమిస్ట్రీ_మాస్టారు:
ముందు అది బ్లాక్ పౌడరో, స్మోక్‌లెస్సో (పెద్దగా పొగ రాని తర్వాతి రకం మందు) తేలాలి. డ్యూపాంట్ రెండూ చేసింది.

బ్లాక్ పౌడర్‌లో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. తేమ తగలకపోతే దానికి ముసలితనం రాదు. 2008లో వర్జీనియాలో అమెరికా అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తుంటే అది పేలి, అలాంటి పాత వస్తువులు సేకరించే ఒకాయన చనిపోయాడు. అప్పటికి ఆ మందుకు 140 ఏళ్లు దాటాయి. ‘పాతదే కదా, ఏం పేలుతుందిలే’ అనేవాళ్లకు ఇదొక్కటి చాలు.

స్మోక్‌లెస్‌ది వేరే గొడవ. అందులోది నైట్రోసెల్యులోజ్ అనే రసాయనం. కాలం గడిచేకొద్దీ అది విరిగిపోయి యాసిడ్ వాయువులు వదులుతుంది, డబ్బాను లోపల్నుంచి తినేస్తుంది. ఒక్కోసారి తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది కూడా. ఘాటు వాసన, ఎర్రటి పొగ ఉంటే అటు వెళ్లొద్దు. లేబుల్‌ను ఫొటో తీసి చూడండి. మూత మాత్రం తిప్పొద్దు.

గులాబీతోట:
ఇంత టెన్షన్ ఎందుకండీ? బకెట్ నీళ్లలో పోస్తే సురేకారం కరిగిపోతుంది, మొక్కలకు ఎరువు.

కెమిస్ట్రీ_మాస్టారు:
@గులాబీతోట నీళ్లలో పోయాలంటే మూత తీయాలి కదమ్మా! తుప్పు మూత రాపిడికి నిప్పురవ్వ రేగితే చాలు. పైగా స్మోక్‌లెస్ నీళ్లలో కరగదు. పైన నీళ్లు ఆరాక మళ్లీ అంటుకునే సరుకే.

నల్గొండ_శీను:
మా దగ్గర ఇలాంటిది దొరికితే లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే కేసు కావచ్చు. 50 పౌండ్ల లెక్క ఇక్కడ నడవదు. కాకపోతే డబ్బా సంచిలో వేసుకుని స్టేషన్‌కు పోవద్దు. వాళ్లనే ఇంటికి పిలవాలి.

పాతసామాన్ల_పిచ్చి:
మాస్టారూ, ఖాళీ చేస్తే ధర పడిపోదా?

కెమిస్ట్రీ_మాస్టారు:
ధర లేబుల్‌కి, రేకుకి. నిండు డబ్బాను పోస్టులో పంపడం అమెరికాలో నిషేధం. ఎలా అమ్ముతారు? ఆ 50 పౌండ్లు ఫెడరల్ మాట, రాష్ట్రం, ఊరి ఫైర్ కోడ్ వేరే. ఫైర్ డిపార్ట్‌మెంట్ నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చేసి, ఖాళీ డబ్బాలు వెనక్కిస్తారా అని ముందే అడగండి. అప్పటిదాకా పిల్లల్ని గరాజ్‌లోకి రానివ్వకండి.

పాతసామాన్ల_పిచ్చి:
స్మోక్‌లెస్ అయితే ఒప్పుకుంటా. హజార్డ్ డబ్బా మాత్రం నేనైతే ఇవ్వను.

పెన్సిల్వేనియా_బాబు:
ఫొటోలో ఒక డ్యూపాంట్ లేబుల్ మీద స్మోక్‌లెస్ అని ఉంది. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.